మూత కాడ మనిషి

ద్వారకా నగర్‌లో మా జిరాక్స్ షాపుకి నాలుగు వీధుల అవతల ఒక పబ్బు పెట్టారు. మేడ మీద, రెండో అంతస్తు. గోడలన్నీ ఇనప రేకులు, వాటి మీద వరసగా బోల్టు తలలు, కప్పు కింద లావుపాటి పైపులు, ఓడకి ఉన్నట్టు గుండ్రటి కిటికీలు. రేకుల మీద తుప్పు. నిజం తుప్పు కాదు, రంగు. తుప్పు ఎక్కడ మొదలవుతుందో, కిందికి ఎలా కారుతుందో చూసి మరీ ఎవరో శ్రద్ధగా కుంచెతో వేశారు. ఏడేళ్లు ఓడల కడుపుల్లో తుప్పు గోకి బతికినవాణ్ని నేను. తుప్పు మీద రంగెయ్యడం తెలుసు గానీ తుప్పునే రంగుగా వేస్తారని ఆ రోజే తెలిసింది. డబ్బున్నోడి సరదాకి అర్థం వెతక్కూడదని మా మేస్త్రీ అనేవాడు.

అక్కడికి వెళ్లడం నా ఆలోచన కాదు. ముందురోజు షాపులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "బావా, నానే. రేపు మజ్జాన్నం అన్నానికి కలుద్దుమా?" అంది ఒక గొంతు. పదకొండేళ్లయినా ఆ గొంతు చప్పున పట్టేశాను.

వాడూ నేనూ ఒకే కాంట్రాక్టరు దగ్గర, ఒకే మేస్త్రీ కింద పనిచేశాం. వాడిది గాజువాక, నాది మల్కాపురం. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనే. ఒకే కేరేజీలో తిన్నాం. ఒకడి చెప్పులు ఒకడు వేసుకుపోయాం. మేస్త్రీ చనిపోయాక నెల తిరక్కుండా వాడు గల్ఫ్‌లో ఓడలు బాగుచేసే చోటికి వెళ్లిపోయాడు. వెళ్తున్నానని నాకు ఒక్క మాట చెప్పలేదు. అప్పుడు ఊళ్లో అందరూ నన్ను వేలెత్తి చూపిస్తున్నారు, వీడు కూడా అందరిలాగే అనుకున్నాడు కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఊరుకున్నాను అంటే కోపం రాలేదని కాదు. చాలా వచ్చింది.

నేను వెళ్లేసరికే వాడు వచ్చి కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చేశాడు, జుట్టు పలచబడింది, చేతికి పెద్ద వాచీ. లేచి గట్టిగా వాటేసుకున్నాడు.

"ఏటి బావా, ఎలగున్నావ్? జిరాక్స్ షాపంట కదా!"

"కోచింగ్ పిల్లల పుణ్యం. ఒకడు నోట్సు రాత్తాడు, నలబైమంది నాకాడికొస్తారు. నువ్వేటి సేత్తన్నావ్?"

"అక్కడ సేఫ్టీ సూపర్వైజర్ని బావా. ఎవుడు ఎక్కడ దిగాలన్నా నా సంతకం ఉండాలి." ఆ మాట గొప్పగా చెప్పాల్సింది, తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాడు.

పనిదినం మధ్యాహ్నం కాబట్టి పబ్బు దాదాపు ఖాళీ. దూరంగా ఇద్దరు ఆఫీసువాళ్లు లాప్‌టాప్ ముందేసుకుని ఏదో తింటున్నారు. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ చలికి చేతుల మీద రోమాలు లేచాయి. వాడు బీరు చెప్పాడు. గ్లాసు వచ్చింది, నురగ వచ్చింది, నురగ పోయింది, వాడు ముట్టుకోలేదు. గల్ఫ్ ఎండల గురించి, పెళ్లాం షుగరు గురించి, కూతురి ఇంటర్ మార్కుల గురించి ఆగకుండా మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో వాడి కుడిచేతి మెటికలు బల్ల మీద రెండుసార్లు పడ్డాయి. టక్ టక్. బల్ల కూడా ఇనపదే. నా చెయ్యి నన్నడక్కుండా రెండు దెబ్బలు తిరిగి కొట్టింది.

ఇద్దరం చేతుల వైపు చూసుకుని నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు.

"పిలిచారా సార్?" అంటూ వడ్డించే ఆవిడ వచ్చింది. లేదమ్మా అన్నాను.

ఆ రెండు దెబ్బల సంగతి చెప్పాలి.

సరుకు దింపేసిన ఓడ తేలికైపోయి ఊగకుండా అడుగున గదుల్లోకి సముద్రపు నీళ్లు ఎక్కిస్తారు. మేం నీళ్ల గదులనేవాళ్లం. ఓడ రిపేరుకి వచ్చినప్పుడు ఆ నీళ్లు తోడేసి, లోపలికి దిగి, గోడల తుప్పు గోకి, రంగు వెయ్యాలి. గదికి దారి ఒకటే, భుజాలు వంచి దూరాల్సినంత చిన్న మూత. మూసిపెట్టిన గదిలో తుప్పు ఊరికే కూర్చోదు. గాలిలో ప్రాణం నిలబెట్టేది ఏదుందో దాన్ని తినేస్తుంది. మిగిలిన గాలికి రంగుండదు, వాసనుండదు. మనిషి మామూలుగా దిగుతాడు, మామూలుగా ఊపిరి పీలుస్తాడు, కూలబడతాడు. అందుకని బ్లోయరుతో గాలి తోలి, మీటరు పెట్టి చూసి, ఆ తర్వాతే దిగాలి. దిగాక కూడా పైన ఒక మనిషి కూర్చోవాలి. మూత కాడ మనిషి అనేవారు వాణ్ని. పది నిమిషాలకోసారి సుత్తితో మూత అంచు మీద రెండు దెబ్బలు కొట్టడం వాడి పని. లోపలివాడు రెండు దెబ్బలు తిరిగి కొడితే ఉన్నట్టు. కేకలు వేస్తే ఆ గదుల్లో మాట ముక్కలైపోతుంది, ఇనుము మీద దెబ్బ మాత్రం చేరుతుంది. చూడ్డానికి సోమరిపోతు ఉద్యోగం. ఎండలో కూర్చుని ఇనుముతో కబుర్లు చెప్పడం.

మా మేస్త్రీ బొబ్బిలి వైపు రైతు. పొలం వదిలి వచ్చి ముప్పై ఏళ్లు ఓడల్లోనే ఉన్నాడు. బక్క మనిషి, పెద్ద నోరు. జవాబు కొట్టడంలో ఆయనకో అలవాటుంది. అందరూ రెండు కొడితే ఆయన రెండు కొట్టి, కాస్త ఆగి, సన్నగా ఇంకొకటి వేసేవాడు. టక్ టక్... టిక్. ఎందుకు మేస్త్రీ అనంటే, "అది ఉప్పురా. కూరలో ఉప్పు నేకపోతే అది నా సేతి వంట కాదన్నమాట," అనేవాడు. ఇంటికెళ్లి తలుపు కొట్టినా అంతే కొట్టేవాడట. ఆ ఉప్పు వినపడితేనే ఆయన భార్య గడియ తీసేది.

ఆ రోజు ఇద్దరు మనుషులు పనిలోకి రాలేదు. ఓడ మర్నాటికి ఇచ్చెయ్యాలి. ఉన్న బ్లోయరు ఒకటే, గోకాల్సిన గదులు రెండు, పక్కపక్కనే. పొద్దున్న మేస్త్రీ గదికి గంటసేపు గాలి తోలి, మీటరు చూసి, బ్లోయరుని పక్క గదికి మార్చారు. పక్క గదిలో దిగింది వీడు, నా ఎదురుగా కూర్చున్న ఈ బావ. గాలి ఆగిపోయిన మొదటి గదిలోకి, భోజనాలకి ఇంకో ముప్పావు గంట ఉందనగా, మేస్త్రీయే స్వయంగా దిగాడు. బ్లోయరు తీసెయ్యకూడదు కదా అని నేను నసిగితే, "నా ముక్కే మీటర్రా, మూత కాడ కూకోవోయ్," అన్నాడు. ముప్పై ఏళ్ల అనుభవం ముందు ఏడేళ్లవాడు ఏం మాట్లాడతాడు? కూర్చున్నాను.

పిలిచాను. పలికాడు. సుత్తితో పిలిచినప్పుడల్లా జవాబొచ్చింది. భోజనాల వేళ దాటుతుంటే ఆఖరిసారి పిలిచి, జవాబు విని, ఆయనకీ నాకూ అన్నం పొట్లాలు తేవడానికి గేటు బయటికి వెళ్లాను. ఆయనకి చేపల పులుసు, పచ్చి ఉల్లిపాయ తప్పనిసరి. ఇరవై నిమిషాల్లో వచ్చాను. కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. సుత్తి పిడి విరిగేదాకా కొట్టాను.

పైకి తీసేసరికే ప్రాణం లేదు. లోపల మూలన పడి దొరికాడు, చేతి పక్కనే సుత్తి ఉంది.

పడగానే పోయుంటాడు, బాధ తెలిసుండదు అన్నాడు డాక్టరు. పోయి గంట పైనే అయిందన్నాడు. విచారణలో నన్ను నిలబెట్టి, మనిషి పలికేడా లేదా అన్నారు. పిలిచినప్పుడల్లా పలికేడు అన్నాను. ఎన్నిసార్లు అని ఎవరూ అడగలేదు, ఎలా పలికేడని ఎవరూ అడగలేదు. గంట కిందట పోయినవాడు అరగంట కిందట ఎలా పలికేడయ్యా అన్నారు. పలికేడు అనే మళ్లీ అన్నాను. మూత దగ్గర నిద్దరోయాడు, ఇప్పుడు బొంకుతున్నాడని తేల్చేశారు. కాంట్రాక్టరు మర్నాటి నుంచి రావద్దన్నాడు. వాడి బ్లోయరు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

కుండకి మూకుడుంది గానీ లోకం నోటికి మూకుడు లేదంటారు. మల్కాపురంలో నేను టీ కొట్టుకి వెళ్తే బెంచీ మీద ఎవడో ఒకడు గ్లాసుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. మిగతావాళ్లు, "సచ్చినోడు పలుకుతన్నాడ్రోయ్," అనేవారు. నవ్వులు. నమ్మనివాళ్లు నన్ను అబద్ధాలకోరన్నారు, నమ్మినవాళ్లు దెయ్యం పలికిందన్నారు. ఈ రెండో రకం వాళ్లే నన్ను ఎక్కువ భయపెట్టారు. ఎందుకంటే కొన్నాళ్లకి నేనూ అదే నమ్మడం మొదలుపెట్టాను. పట్టపగలు, ఎండలో, నా చేతిలో సుత్తి, కింద శవం, ఆ శవం నాకు మర్యాదగా జవాబిస్తోంది. ఆ తర్వాత ఏ ఇనప వస్తువునీ ఊరికే ముట్టుకోలేకపోయాను. వంటింట్లో గిన్నె జారి పడితే రెండో చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ని.

ఒక్క మనిషి మాత్రం నన్ను వేరే ప్రశ్న అడిగింది. పెద్దకర్మ నాడు మేస్త్రీ భార్య నన్ను పెరట్లోకి పిలిచి, "ఆకర్ని ఉప్పేసేడా బాబూ?" అంది.

"ఏసేడమ్మా."

"అయితే ఆడే," అని కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ ఇప్పటికీ మల్కాపురంలోనే ఉంటుంది. బజార్లో కనపడితే, తిన్నావా బాబూ అంటుంది. నన్ను నమ్మిన మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే.

పబ్బులో బిరియానీ వచ్చింది. వాడు చెంచాతో కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. కప్పు కింద పైపుల్లో ఏదో గడగడమని ఆగింది. వాడు తలెత్తి పైపు వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి వింటున్నామని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

"ఇలాటి సోటేటి బావా ఎంచుకున్నావు?" అన్నాను. "ఊరినిండా వోటళ్లున్నాయి."

"నాకు తెల్దు. బోర్డు సూసి వచ్చీసేను. లోపలికొచ్చేక గుండె ఆగిపోయింది. ఎల్లిపోదామనుకున్నాను. మళ్లీ అనుకున్నాను, ఇక్కడే సెప్పాలేమో అనీసి."

"ఏటి సెప్పాలి?"

వాడు గ్లాసు పక్కకి జరిపాడు. నా కళ్లలోకి చూడకుండా, బల్ల మీద బోల్టు తలలు వేలితో తడుముతూ చెప్పాడు.

"ఆ రోజు నా మూత కాడ మనిషి బీడీకని ఎల్లిపోయేడు బావా. నాకు తెల్దు. నాను లోపల గోకుతన్నాను. టక్ టక్ మని ఇనిపించింది. మనోడే పిలుత్తన్నాడనుకోని కొట్టేను. ఓడంతా ఒకే ఇనుము కదా, దెబ్బ ఏ పక్కనించి వచ్చిందో ఎవుడికి తెలుస్తాది? అందరికీ ఒకటే పిలుపు, ఒకటే జవాబు. పిలిచింది నువ్వు బావా. మేస్త్రీని. పలికింది నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. పదకొండేళ్లు. పదకొండేళ్లు నేను శవంతో మాట్లాడానని నమ్మాను. పదకొండేళ్లు నన్ను చూసి గ్లాసులు కొట్టారు. ఆ జవాబుకి ఒక చెయ్యి ఉంది, ఆ చేతికి ఇప్పుడు పెద్ద వాచీ ఉంది. బల్ల తన్నేద్దామన్నంత కోపం వచ్చింది. అంతలోనే ఏడుపంత నిమ్మళం వచ్చింది. అబద్ధమాడలేదు నేను. పిచ్చివాణ్ని కాదు.

"ఇచారణలో నువ్వు పలికేడు అన్నప్పుడు నాకు ఎలిగింది," అన్నాడు. "నోరు తెరుద్దామనుకున్నాను. తెరిస్తే నన్నే సంపేసేడంటారని బయపడ్డాను. ఆ పైన నీ మొకం సూళ్లేక ఎల్లిపోయేను. అక్కడ కుర్రోళ్లకి రోజూ పాటం సెప్తాను బావా, పిలిస్తే నీ మనిసేనా కాదా సూసుకోని పలకండ్రా అనీసి. నిద్దట్లో గోడ కొడతన్నానంట. మా ఆవిడ వేరే గదిలో పడుకుంటాది."

గ్లాసు మళ్లీ దగ్గరకి జరుపుకుని, "ఒకటి అడగనా? నీకు తెలిసిపోద్దనుకున్నాను. నాను రెండే కొట్టేను కదా. ఉప్పు నేదు కదా," అన్నాడు.

ఎవరికీ చెప్పని మాట ఇక్కడ చెప్తున్నాను. నాకు తెలిసింది. మొదటి జవాబులో ఉప్పు లేదని ఆ క్షణమే తెలిసింది. రెండోదానికీ లేదు. మూత మీద వంగి లోపలికి చూశాను, చీకటి తప్ప ఏమీ కనపడలేదు. ముసలోడికి ఆకలేస్తోంది, ఓపిక లేదు అనుకున్నాను. నిజానికి ఆకలేస్తున్నది నాకు. దిగి చూడాల్సింది, కనీసం కేకెయ్యాల్సింది. మూత కాడ మనిషిని పెట్టిందే అందుకు. నిద్దరోయానని ఊరు అన్నది తప్పు, కానీ మెలకువగా ఉండి నేను చేసింది అంతకంటే మేలేం కాదు.

"దెబ్బల గోలలో పోల్చుకోనేదు," అన్నాను.

వాడు తలూపాడు. "మూడుసార్లు పిలిచేవు. మూడుసార్లూ కొట్టేను. మూడోదానికి కొట్టీసి, సుత్తి పడీసి, పైకొచ్చీసేను అన్నానికి. నువ్వు అటేపు మూత కాడ కూకోనున్నావు, సెయ్యి కూడా ఊపేను. గేపకముందా?"

జ్ఞాపకం ఉంది. తలకి తువ్వాలు చుట్టుకుని డెక్కు మీద నడిచి వెళ్తూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. వాడు మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పది నిమిషాలు ఆ చుట్టుపక్కల నేను తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత నేను పిలిచాను. నాలుగోసారి.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. టక్. చాలా మెల్లగా. టక్. ఇంకా ఆగి, గోరుతో మీటినట్టు, టిక్.

హమ్మయ్య, ఉప్పేశాడు అనుకున్నాను. ఆ చిన్న దెబ్బ వినపడిందనే నిశ్చింతగా లేచాను. దాన్ని పట్టుకునే చేపల పులుసు తేవడానికి వెళ్లాను.

ఎదురుగా వాడు నా మొహం చూస్తున్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి.

"డాట్రు సెప్పేడు కదా బావా, పడగానే పోయేడని. నాను కొట్టినా కొట్టకపోయినా అప్పటికే అయిపోయింది. నా వల్ల నీ పేరు పోయింది, అది తప్పే. కాళ్లట్టుకుంటాను. కానీ మేస్త్రీ నా వల్ల కాదు. అంతే కదా? మూడే కదా నీకినిపించినవి? ఆ తరవాతేటీ నేదు కదా?"

వాడికి కావల్సింది ఆ ఒక్క అంకె. మూడైతే వాడు పలికింది చచ్చిపోయిన మనిషి బదులు, అది పొరపాటు. నాలుగైతే డాక్టరు లెక్క తప్పు, వాడు పలుకుతున్నంతసేపూ గోడ అవతల మేస్త్రీ బతికి ఉన్నాడు. వాడి మూడు దెబ్బల చాటున, జవాబివ్వలేక, మూలన పడి, ఓపిక కూడదీసుకుంటూ ఉన్నాడు. ఆఖరికి తన ఉప్పు తను వేశాడు. దాన్ని విన్నవాణ్ని నేనొక్కణ్నే. విని అన్నానికి వెళ్లింది నేను.

శవం జవాబిచ్చిందన్న భయం పదకొండేళ్లు మోశాను. బతికున్న మనిషి జవాబిచ్చాడన్నది అప్పుడే, ఆ చల్లటి పబ్బులో, బిరియానీ ముందు తెలిసింది. దెయ్యమే నయం అనిపించింది.

"మూడే," అన్నాను.

వాడు రెండు చేతులతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆఫీసువాళ్లు తిరిగి చూశారు. తర్వాత కళ్లు తుడుచుకుని, చల్లారిపోయిన బిరియానీ దగ్గరకి లాక్కుని, ఆకలి మనిషిలా తినడం మొదలుపెట్టాడు. తింటూనే, "ఇప్పుడే మల్కాపురం ఎల్దాం బావా," అన్నాడు. "ఆ టీ కొట్టు కాడ నిలబడి అందరికీ సెప్తాను. మేస్త్రీ ఇంటికీ ఎల్దాం. ఆవిడ కాళ్ల మీద పడతాను. నీ పేరు కడిగేత్తాను."

అన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. ఎవడో ఒకడు వచ్చి వీడు అబద్ధమాడలేదని ఆ టీ కొట్టు ముందు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. కానీ వీడు వెళ్లి ఆవిడ ముందు కూర్చుంటే ఆవిడ ఊరుకోదు. నీదెలగవుద్ది బాబూ, ఆకర్ని ఉప్పేసేడంట కదా అంటుంది. ఆ మాట వింటే వీడు మళ్లీ లేవడు.

"వద్దు బావా," అన్నాను. "పాత పుండు. ఆవిడ మర్సిపోయింది. టీ కొట్టూ తీసీసేరు."

టీ కొట్టు తియ్యలేదు. ఒక అబద్ధానికి తోడుగా ఇంకో రెండు ఎంత తేలిగ్గా వచ్చాయో.

"నీ పేరు మరి?"

"నా పేరుతో ఎవుడికి పని? జిరాక్స్ అంకులంటారు."

వాడు నవ్వాడు. పదకొండేళ్ల కిందటి నవ్వు.

చేతులు కడుక్కోవడానికి వాడు లేచి వెళ్లాడు. నా రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. వడ్డించే ఆవిడ గబగబా వచ్చింది.

"పిలిచారా సార్?"

"లేదమ్మా."

"బల్ల కొట్టారు కదా?"

"నేను కొట్టలేదు."

ఆవిడ వాడి ఖాళీ కుర్చీ వైపు, నా వెనక గోడ వైపు చూసింది. "ఇటు నుంచే వినపడింది సార్. వంటగది చప్పుడేమో," అని వెళ్లిపోయింది. వంటగది అటువైపు ఉంది, ఆవిడ వచ్చిన వైపు. నేను వెనక్కి తిరగలేదు. ఎన్ని దెబ్బలు వినపడ్డాయని అడగాలనుకున్నాను, అడగలేదు.

కాంప్లెక్స్ బస్టాండు దాకా వాడితో నడిచాను. గాజువాక బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వాడు ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి బయటికి చాపి, బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. మొహం నిండా నవ్వు. నేను దగ్గరకి వెళ్లి రేకు మీద రెండు తిరిగి కొట్టాను. మూడోది వేలి చివరికి వచ్చింది. చెయ్యి జేబులో పెట్టేసుకున్నాను. బస్సు వెళ్లిపోయింది.

షాపుకి వచ్చి షట్టరు ఎత్తాను. కోచింగ్ పిల్లలు అప్పటికే కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. నేను అబద్ధాలకోరునని పదకొండేళ్లు మల్కాపురం అంతా అంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఆ మాట నిజం.